చిన్న కొలత

జనాభా లెక్కలు రాసుకునే అమ్మాయి మా పూలకొట్టు గుమ్మంలో నిలబడి, "ఈ వీధిలో మొత్తం ఎంతమంది ఉంటారండీ, మీ అంచనాకి?" అని అడిగింది.

"పైవాళ్ళా, కిందివాళ్ళా?" అన్నాను.

పాపం, కొత్త పిల్ల. అర్థంకాక నా వైపు చూసింది, తర్వాత తన కాళ్ళ కింద నేలవైపు చూసుకుంది. ఈ ఊళ్ళో ఆ హాస్యం అందరికీ పాతదే. అయినా కొత్తవాళ్ళు దొరికినప్పుడు ఒకసారి ప్రయోగిస్తే గానీ మాకు తిన్నది అరగదు.

నవ్వులాట పక్కన పెడితే ఆ లెక్క నిజమే. మా ఊరికి ఒక పెద్ద వీధి, ఒక స్టేషను, ఒక బడి, చుట్టూ శ్మశానాలు. ఏటికి అవతల ఉన్న మహానగరంలో చచ్చినవాళ్ళకి చోటు చాలక మా తాతల కాలంలోనే రైల్లో ఇక్కడికి పంపడం మొదలుపెట్టారు. మేం శ్మశానమనం, తోట అంటాం. ఒక్కో మతం వాళ్ళకి ఒక్కో తోట, ఏ మతమూ వద్దనుకున్నవాళ్ళకి కూడా ఒకటి. పైన మిగిలిన మేమంతా వాళ్ళని నమ్ముకుని బతుకుతున్నవాళ్ళమే. రాళ్ళమీద పేర్లు చెక్కేవాళ్ళు, పెట్టెలు చేసే వడ్రంగులు, గడ్డి కోసేవాళ్ళు, వ్యాన్లు తోలేవాళ్ళు, నాలాంటి పూలవాళ్ళు. ఒక పళ్ళ డాక్టరు కూడా ఉన్నాడు. ఆయనకి బతికున్నవాళ్ళతోనే పని కాబట్టి ఎప్పుడు చూసినా పేపరు చదువుకుంటూ ఉంటాడు. బళ్ళో సగం గదుల్లో పిల్లల్లేరు, విరిగిన కుర్చీలున్నాయి. అందుకే ఇక్కడ ఎవరైనా పోతే తలెత్తి చూసేవాళ్ళు ఉండరు గానీ, ఎవరికైనా నెల తప్పిందంటే ఊరంతా గుప్పుమంటుంది.

ఆ అమ్మాయి నా వివరాలు రాసుకుంది. ఒక్కదాన్నే, భర్త పోయాడు, పిల్లల్లేరు. తర్వాత పక్కింటికి వెళ్ళింది. పక్కిల్లు మా అక్కది. వెళ్ళినంతసేపు పట్టలేదు, మొహం చిన్నబుచ్చుకుని తిరిగొచ్చింది.

"ఇంట్లో ఎంతమందని అడిగితే తలుపేసేశారండీ."

"ఆవిణ్ణి ఏమీ అనుకోకమ్మా. చలి తగ్గాక మళ్ళీ రా," అన్నాను.

అక్క తలుపెందుకు వేసిందో నాకు తెలుసు. కాన్పుకొచ్చిన కూతురితో కలిపి ముగ్గురమని చెప్పడానికి నోరు రాలేదు. నలుగురమని చెప్పడానికి ధైర్యం చాలలేదు. ఆ నాలుగో మనిషి పుట్టి ఇంకా వారం తిరగలేదు. ఏటి అవతల ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉన్నాడు, ఉంటాడో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు.

ఇదంతా అర్థం కావాలంటే ముందు మా బావ సంగతి చెప్పాలి.

మా బావ పాత తోటలో గోతులు తవ్వుతాడు. తండ్రి చేసిన పనే. ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, కొలతాయన అంటారు. మనిషిని ఒక్క చూపు చూస్తే పొడవూ వెడల్పూ పొల్లుపోకుండా చెప్పేయగలడని అందరి నమ్మకం. చెప్పగా విన్నవాడు ఒక్కడూ లేడు, అడిగే దమ్ము ఎవరికుంది? టీకొట్టు దగ్గరికి బావ వచ్చి నిలబడితే అప్పటిదాకా నిలబడి కబుర్లు చెబుతున్న మగాళ్ళంతా మెల్లిగా కూర్చునేవాళ్ళు. నేను మాత్రం మరదల్ని కదా, నాకేం భయం. "బావా, నన్నెప్పుడు కొలుస్తావు?" అని ఏడిపించేదాన్ని. "నువ్వు ఒక్కచోట నిలబడి ఏడిస్తే కదే," అన్నాడొకసారి. ఆయన జోకు వేయగా నేను విన్నది అదొక్కటే. మామూలుగా నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు.

అలాంటి మనిషి బతికున్నవాళ్ళని మాత్రం కొలిచేవాడు కాదు. మా వీధిలో ఏ ఇంటి ద్వారబంధం చూసినా పిల్లల ఎత్తులు పెన్సిలుతో గీసి ఉంటాయి. అక్కావాళ్ళ ద్వారబంధం నున్నగా ఉండేది. వాళ్ళ కూతురు చిట్టి చిన్నప్పుడు దానికి వీపు ఆనించి నిలబడి, "నన్ను కూడా కొలు నాన్నా" అని ఏడ్చి గోల చేసేది. ఈయన లేచి బయటికి పోయేవాడు. బడి గౌను కోసం దర్జీ టేపు తీస్తే, అది మళ్ళీ చుట్టేదాకా వీధిలోనే నిలబడేవాడు. ఓ రోజు నాకు ఒళ్ళు మండి, "నువ్వు కాకపోతే నేను కొలుస్తాను," అని పెన్సిలు తీశాను. వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. కోపంగా పట్టుకుంటే తిట్టేదాన్నే. ఆయన చెయ్యి వణుకుతోంది. పెన్సిలు వదిలేశాను.

ఇక ఆయన పని సంగతి. చలి ముదిరితే ఇక్కడి నేల మోకాలి లోతుదాకా గడ్డకట్టి రాయైపోతుంది. గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. అందుకని చలికి ముందే, నేల మెత్తగా ఉండగానే, ఆ కాలమంతటికీ సరిపడా గోతులు తవ్వి పెట్టుకుంటారు. పైన చెక్కలు పరిచి, వాటిమీద రేకు కప్పి ఉంచుతారు. పెద్ద గోతులకి ఇప్పుడు యంత్రం వచ్చింది. కానీ ప్రహరీ పక్కన పిల్లల మూల ఉంది. అక్కడ రాళ్ళు మరీ దగ్గర దగ్గరగా ఉంటాయి, యంత్రం దూరదు. చేత్తో తవ్వాల్సిందే. బావ ప్రతి ఏడూ అన్నీ అయ్యాక, ఆఖర్న, అక్కడొక చిన్న గొయ్యి తవ్వేవాడు. ఆ రోజు రాత్రి అన్నం ముట్టుకునేవాడు కాదు. కుళాయి కింద చేతులు కడిగిందే కడిగేవాడు.

ఆ అలవాటు ఊరికే రాలేదు. చిట్టి కంటే ముందు అక్కకి ఒక మగపిల్లాడు పుట్టాడు. నడిచలిలో పుట్టి, చలి పోకముందే పోయాడు. అప్పటికి పని బావ తండ్రిది. పసివాళ్ళకోసం ముందే తవ్వి పెట్టడం పాపమని ఆయన ఏనాడూ చిన్న గొయ్యి తవ్వలేదు. మంచి మనసే, కాదనను. కానీ సొంత మనవడు పోయేసరికి నేల రాయై ఉంది. తండ్రీకొడుకులిద్దరూ నేలమీద బొగ్గులు పోసి రాజేసేవాళ్ళు, మెత్తబడినంత మేర తవ్వేవాళ్ళు, మళ్ళీ రాజేసేవాళ్ళు. రోజుల తరబడి అదే పని. అంతకాలమూ బిడ్డ ఆసుపత్రి చల్లగదిలో ఉన్నాడు. అక్క పచ్చి బాలింత. ఆ గది బయట బెంచీ మీద కూర్చుంది. ఇంటికి పోదాం రమ్మంటే కదల్లేదు. "లోపల వాడొక్కడే ఉన్నాడే," అంటుంది. చేపుకొచ్చిన పాలకి ఒంటిమీద బట్టలు తడిసిపోతున్నా ఆ తలుపుకేసే చూస్తుంది. పక్కన కూర్చున్నదాన్ని నేనే. ఆ బెంచీ ఇప్పటికీ అక్కడే ఉంది. నేను ఆ వైపు పోను.

మరుసటి ఏడు నుంచీ బావ చిన్న గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. ఇంకే తల్లీ అలా కూర్చోకూడదని. ఈ మాట ఆయన ఎవరికీ చెప్పలేదు, మాకు తెలుసంతే.

చిట్టి పెద్దదైంది, రైల్వేలో పనిచేసే అబ్బాయిని చేసుకుని నగరానికి వెళ్ళింది. రెండుసార్లు కడుపు పోయింది. మూడోసారి నిలబడింది. కబురు తెలిసి ఊరికి పండగే. రాళ్ళు చెక్కే తాత దారిన పోయేవాళ్ళనందర్నీ ఆపి చెప్పాడు. పెట్టెల వడ్రంగి ఉయ్యాల తయారు చేస్తానని ముందుకొచ్చాడు. "నీ చేత్తో వద్దులే నాయనా," అంది అక్క. ఆయన నెలరోజులు మూతి ముడుచుకున్నాడు.

చలికి ముందు గోతులు తవ్వే రోజులు వచ్చాయి. బావ పెరట్లో కూర్చుని పార అంచు నూరుతుంటే అక్క వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఏవండీ, ఈ ఏడాది ఆ చిన్నది తవ్వొద్దు."

బావ చెయ్యి ఆగింది. "ఎవరికన్నా అవసరమైతే?"

"అయితే అప్పుడు చూద్దురు గాని. మన పిల్ల కడుపుతో ఉంది. తండ్రివై ఉండి నీ చేతుల్తో..." మీరు అనే మనిషి నువ్వులోకి దిగింది.

నేను ఊరుకునే రకాన్నా? "అక్క చెప్పిందాంట్లో తప్పేముంది బావా? ఒక్క ఏడాదికి కొంపలేం మునిగిపోవు," అన్నాను. గోడ అవతలి నుంచి వడ్రంగి కూడా, "వినవయ్యా," అన్నాడు. బావ మా అందరి మొహాలూ చూశాడు. "సరే," అని పార గోడకి ఆనించాడు.

పెద్ద గోతులయ్యాయి. పిల్లల మూలలో ఏమీ లేదు. అక్క మొహం తేటపడింది గానీ బావ మాత్రం కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. పనిలేకపోయినా ప్రహరీ దాకా వెళ్ళి, ఆ నేలని బూటుతో తట్టి చూసి వచ్చేవాడు.

చిట్టి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. వచ్చిన మర్నాడే నడవాలంటూ నన్ను తోటకి లాక్కెళ్ళింది. ఆ తోటలోనే ఆడుకుని పెరిగిన పిల్ల, ఏది ఎక్కడుందో దానికి చెప్పక్కర్లేదు. ప్రహరీ దగ్గర ఆగి చూసింది.

"పిన్నీ, రేకేదీ?"

"ఏ రేకే?" అన్నాను, ఏమీ ఎరగనట్టు.

అది నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. రాత్రి అందరం భోజనాల దగ్గర కూర్చున్నాక అడిగింది.

"నాన్నా, ఈసారి చిన్నది తవ్వలేదేం?"

"అన్నం దగ్గర ఆ మాటలేంటే?" అంది అక్క.

"నాకోసమే మానేశారు కదూ?"

బావ కంచంలోకి చూస్తున్నాడు. అక్క గుక్క తిప్పుకోకుండా, డాక్టరు అంతా బావుందన్నాడనీ, ఈసారి భయంలేదనీ, పిచ్చి ఆలోచనలు పెట్టుకోవద్దనీ చెప్పుకుపోయింది. చిట్టి అంతా విని, తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అన్నయ్య పోయినప్పుడు నువ్వు ఆ బెంచీ మీద కూర్చున్నావట. పిన్ని చెప్పింది. నేను కూర్చోలేనమ్మా. రెండుసార్లు పోగొట్టుకున్నదాన్ని, నాకు తెలుసు. నాకేదన్నా అయితే ఆ బెంచీ మీద నేను బతకలేను. నాకేం కాకపోతే ఇంకెవరో కూర్చోవాలి కదా. తవ్వు నాన్నా."

అక్క చెయ్యెత్తింది. కూతుర్ని కొడుతుందేమోనని నేను అడ్డుకోబోయాను. ఆ చేత్తోనే తన నోరు మూసుకుని వంటింట్లోకి పోయింది.

తెల్లారి బావ గునపం, పార భుజాన వేసుకుని వెళ్ళాడు. అప్పటికే పైపొర బిగుసుకుంది, సాయంత్రం దాకా పట్టింది. తిరిగొచ్చేసరికి అక్క గదిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. ఆ రోజు నుంచి ఆయనతో మాట మానేసింది. కంచం పెట్టేది, తీసేది, అంతే.

చిట్టికి నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. పిల్లాడు పుట్టాడు, గుప్పెడంత. ఊపిరి సరిగా అందడం లేదన్నారు. అద్దాలపెట్టెలో పెట్టారు. చిట్టి దాని పక్కన కుర్చీ వేసుకుంది, అల్లుడు వరండాలో పడుకునేవాడు. మేం బట్టలకీ, తిండికీ ఇంటికీ ఆసుపత్రికీ మధ్య తిరిగేవాళ్ళం. ఇంట్లో ఫోను మోగితే ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకునేవాళ్ళమే గానీ తీసేవాళ్ళు లేరు. జనాభా లెక్కల అమ్మాయి వచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పోయి పోయి ఆ ఇంట్లోనే ఎంతమందని అడిగింది.

ఆ అమ్మాయి వచ్చి వెళ్ళిన రెండో రోజో మూడో రోజో, నగరం నుంచి ఒక జంట వచ్చింది. వ్యాను వెనక ఎక్కలేదు. ముందు సీట్లోనే కూర్చున్నారు, చిన్న పెట్టె ఆమె ఒళ్ళో ఉంది. తోట ఆఫీసు నుంచి బావకి కబురొచ్చింది. నాకు తెల్ల పూలు కావాలని చెప్పి పంపారు. నేను కడుతుంటే అక్క వచ్చింది.

"ఎవరికే?"

"నెలల బిడ్డట."

అక్క స్టూలు మీద కూలబడింది. "అయితే ఆ గొయ్యి నిండిపోయినట్టేగా," అంది.

అనేటప్పుడు ఆమె మొహంలో బరువు దిగింది. నేను చూశాను. నేను చూశానని ఆమె కూడా చూసింది. అంతే, రెండు చేతులతో నెత్తి కొట్టుకుంది. "ఛీ! ఎవరి బిడ్డో పోతే నా ప్రాణం కుదుటపడుతోందే. నేనూ ఒక మనిషినేనా? ఆ బెంచీ మీద కూర్చున్నదాన్ని, నేనా ఇలా అనుకునేది?" అని భోరుమంది. గొయ్యి నిండిందనగానే నా ప్రాణమూ తేలికపడింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని ఏడ్చాం. తర్వాత అక్క మొహం తుడుచుకుని, పూలు తానే తీసుకుని తోటకి నడిచింది. నేను వెనకే పరిగెత్తాను.

అప్పటికి బావ రేకు తీసి, చెక్కలు పక్కకి పెట్టాడు. పెట్టె దించడం అయిపోయింది. ఆ తల్లి ఏడవడం లేదు. నేలనీ గోతినీ మార్చి మార్చి చూస్తోంది.

"నేల గడ్డకట్టింది, రోజుల తరబడి ఆగాలి అన్నారు మావాళ్ళు," అంది బావతో. "ఇంత తొందరగా ఎలా తవ్వారు?"

"ముందే తవ్వి ఉందమ్మా."

"ఎవరికోసం?"

జీవితంలో ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అక్క ముందుకొచ్చింది.

"మా మనవడి కోసం," అంది.

బావ తలెత్తాడు. ఆ తల్లి అక్క వైపు తిరిగింది. "పోయాడా?"

"లేదమ్మా. ఉన్నాడు. ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో ఉన్నాడు. ఊపిరి అందట్లేదు. ఉంటాడో లేదో తెలీదు."

ఇంకొకళ్ళయితే ఏమనేవాళ్ళో. ఆమె అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఉండాలి," అంది. "వాడుండాలండీ."

అప్పుడు ఏడ్చింది. మట్టి వేయడం పూర్తయ్యేదాకా ఇద్దరూ చేతులు వదల్లేదు.

ఆ జంట వెళ్ళిపోయాక బావ పనిముట్ల కొట్లోంచి బొగ్గుల బస్తా మోసుకొచ్చాడు. నాకు మండిపోయింది. "మళ్ళీనా? నీకేమన్నా మతి పోయిందా బావా? పిల్లాడింకా ఆసుపత్రిలోనే ఉన్నాడు!" అన్నాను. జవాబు చెప్పింది అక్క.

"ఎవరూ ఆ బెంచీ మీద కూర్చోకూడదు కదే," అంది. అని, మొగుడి వైపు తిరిగి, ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి మాట్లాడింది. "ఎక్కడ రాజేస్తారు?"

"దాని పక్కనే."

అక్క తట్టతో బొగ్గులు ఎత్తి పోసింది. నేను కాసేపు గొణుక్కుంటూ నిలబడి, లాభంలేదని కొట్టు మూసొచ్చి విసనకర్ర పట్టుకున్నాను. ముగ్గురం ఆ నిప్పు చుట్టూ కూర్చున్నాం. చిట్టి అన్నయ్య ఉన్న చోటు అక్కడికి నాలుగడుగుల దూరమే. అక్క ఆ రాయిమీద బూడిద పడితే కొంగుతో తుడిచింది.

చలి తగ్గుతూ వచ్చింది. పిల్లాడు ఊపిరి పట్టుకున్నాడు. ఓ రోజు ఫోను మోగితే బావే తీశాడు. విని, పెట్టేసి, ఏం చెప్పారో చెప్పకుండా వెళ్ళి కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. మేం చచ్చినంత పనైంది. తీరా చూస్తే అది ఇంటికి తీసుకెళ్ళొచ్చనే కబురు! ఆ పూట నేను తిట్టిన తిట్లు ఆయన చెవిన పడ్డాయో లేదో, మొహం తువ్వాల్లోంచి బయటికి రాలేదు.

ఆ ఏడు ఆ రెండో గొయ్యి ఎవరికీ అవసరం కాలేదు. నేల మెత్తబడగానే అక్క తానే పార పట్టుకుని పూడ్చింది. బావని ముట్టుకోనివ్వలేదు. మేం అక్కడుండగానే జనాభా లెక్కల అమ్మాయి వెతుక్కుంటూ వచ్చి, అక్కని చూసి జంకి, దూరంగానే ఆగింది. బావ అక్కణ్ణుంచే, "నలుగురం. రాసుకోమ్మా," అని కేకేశాడు. ఆయనకి అంత గొంతుందని నాకు అప్పుడే తెలిసింది.

అయినా పిల్లాణ్ణి మాత్రం ఎత్తుకునేవాడు కాదు. పక్కన కూర్చునేవాడు, వేలు పట్టుకోనిచ్చేవాడు. చేతుల్లోకి తీసుకుంటే పొడవు తెలిసిపోతుందని ఆయన భయం. మేమూ బలవంతపెట్టలేదు.

మొన్న సాయంత్రం పిల్లాడు నేలంతా పాకి, ద్వారబంధం పట్టుకుని, ఎవరి సాయం లేకుండా లేచి నిలబడ్డాడు. చిట్టి చప్పట్లు కొట్టింది. బావ అప్పుడే పని నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. అలా చూస్తూ చూస్తూ, కుళాయి దగ్గరికి వెళ్ళి ఎప్పటిలా చేతులు కడిగిందే కడిగాడు. తిరిగొచ్చి, "ఏమే, నీ దగ్గర పెన్సిలుందా?" అని నన్నడిగాడు.

తీసి చేతిలో పెట్టాను. పిల్లాడి వీపు ద్వారబంధానికి ఆనించి, అరచెయ్యి వాడి తలమీద బల్లపరుపుగా పెట్టి, గీత గీశాడు. ఆ చెయ్యి వణికి గీత వంకరపోయింది. "ఊరందరి కొలతలూ పొల్లుపోవు, మనవడిది మాత్రం వంకరా?" అందామని నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బావ పిల్లాణ్ణి ఎత్తుకున్నాడు. ఆ గీత నుంచి ద్వారబంధం పైదాకా చూశాడు.

"ఇంకా బోలెడు చోటుంది," అన్నాడు.